తెల్లకోళ్ళ కడుపున నల్లపిల్లలు

నేను కాపురానికి వచ్చినప్పుడు మా అమ్మ నాకు అరణంగా ఇచ్చింది ఒక నల్లకోడి పెట్ట. ఆడపిల్లకు ఆవునో దూడనో అరణమిచ్చే ఇండ్లు ఉన్నాయి. మాది అంతటి ఇల్లు కాదు. మాచారెడ్డి పక్క ఊరు మాది. అక్కడి నుంచి ఎల్లారెడ్డికీ లింగంపేటకూ నడుమ ఉన్న మా అత్తవారి ఊరికి బండిలో వస్తుంటే, ఆ కోడి దారిపొడుగునా నా ఒడిలోని గంపలో కూర్చుంది. పైన కట్టిన గుడ్డ సందులోంచి ముక్కు బయటపెట్టి నన్నే చూసింది.

దాని ఈక నలుపు, ముక్కు నలుపు, కాళ్ళు మసి పూసినట్టుండేవి. ఒంట్లో కండ తక్కువ, కొవ్వు అసలే లేదు. గుడ్లు కూడా కొంచెమే పెట్టేది. పొదగడంలో మాత్రం దానికి సాటి లేదు. ఉరిమినా మెరిసినా గుడ్ల మీది నుంచి కదిలేది కాదు. నేను వచ్చిన రెండో ఏడు మా అమ్మ చనిపోయింది. తర్వాత ఆ కోడికి పుట్టిన పెట్టలూ, వాటి పిల్లలూ అన్నీ నలుపే, అన్నీ మసికాళ్ళే. వాటిని చూసినప్పుడల్లా మా అమ్మ పెరట్లో నిలబడ్డట్టే ఉండేది నాకు. ఆ మాట ఎవరితోనూ అనలేదు. కోళ్ళను గురించి అలా మాట్లాడితే నవ్వుతారు.

నాకు చిన్నప్పటి నుంచీ లెక్క పిచ్చి. ఏ పెట్ట ఏ నెలలో పొదిగింది, ఎన్ని గుడ్లు మురిగాయి, ఏ పిల్లను గద్ద ఎత్తుకుపోయింది, అన్నీ మనసులోనే ఉండేవి. మా అత్తమ్మ దెప్పేది. "కోమటాయన బిడ్డవా ఏంది? కోళ్ళు నవ్వుతున్నయ్ నిన్ను జూసి." అయినా పెరట్లో ఏదైనా తప్పిపోతే నన్నే అడిగేది.

పంతొమ్మిది వందల ముప్పై ఏడో సంవత్సరం మాఘమాసంలో మా మరిదికి పెళ్ళయింది. పిల్ల కామారెడ్డిది. వాళ్ళ నాయన స్టేషన్ అవతల ఒక పెద్ద అధికారి బంగళాలో వంటమనిషి. ఆ అధికారి బదిలీ అయి పోతూ తన సీమకోళ్ళలో, అంటే పరదేశపు జాతి కోళ్ళలో, కొన్నిటిని వంటాయనకు ఇచ్చిపోయాడట. ఆయన వాటినే బిడ్డకు అరణం ఇచ్చాడు. ఒక తెల్లపుంజు, రెండు తెల్లపెట్టలు. గంపలో కాదు, ముందు వైపు తీగ అల్లిన కర్రపెట్టెలో వచ్చాయి.

ఊరంతా వచ్చి చూసింది. నా గంపను చూడటానికి ఒక్క మనిషి రాలేదు.

"అవ్వో, పుంజా ఇది, కొంగనా?"

"తురాయి సూడు, పోలీసు అమీన్‌సాబ్ టోపి లెక్క ఎట్లున్నదో!"

మా అత్తమ్మ మిరపకాయలు తూచే తరాజు తెచ్చి, పుంజు కాళ్ళు కట్టి అందరి ముందర తూచింది. ఎదురు తట్టలో వేసిన రాళ్ళు చాలక నా నల్లపుంజును పట్టుకొచ్చి వేసింది. తరాజు తెల్లపుంజు వైపే ఒరిగింది. అందరూ నవ్వారు. మా యారాలు, అంటే నా తోడికోడలు, కొత్తపెళ్ళికూతురు కదా, తల వంచుకొని కొంగు చాటున నవ్వింది. ఆ నవ్వు నాకు ఈనాటికీ కనిపిస్తుంది. నా పుంజును తట్టలోంచి తీసి చంకన పెట్టుకొని లోపలికి పోయాను. అది గింజుకుంటూ నా చేతిని గీరింది.

అప్పటి నుంచి మా ఇంట్లో పొద్దు తెల్లపెట్టలతోనే తెల్లవారేది. నావి పది గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంటే, అవి దినదినం పెట్టేవి. "మా చిన్నకోడలు కాలువెట్టిన యాళ" అని మా అత్తమ్మ నీళ్ళ బిందెతో కనిపించిన ప్రతి ఆడమనిషికీ చెప్పేది. నేను వచ్చిన వేళ ఎట్లాంటిదో ఎవరూ చెప్పలేదు.

ఒకటి మాత్రం వాళ్ళు ముందు గమనించలేదు. ఆ తెల్లపెట్టలు గుడ్డు పెట్టి, కేకలేసి, లేచిపోయేవి. పొదగాలన్న బుద్ధే వాటికి లేదు. యారాలు గుడ్లన్నీ ఒక గంపలో పోసి వాటిలో ఒక పెట్టను బలవంతంగా కూర్చోబెట్టింది. అది గుడ్లు తొక్కి, రెండు పగలగొట్టి, గోడ దూకింది. చివరికి ఆ పిల్ల నా దగ్గరికే వచ్చింది.

"అక్కా, నీ నల్లకోడి కింద నా గుడ్లేస్తవా?"

"ఏస్త గని పాలుకేస్త."

పాలు అంటే మా దిక్కు అందరికీ తెలిసిన పద్ధతే. గుడ్లు ఒకరివి, పొదిగే కోడి ఇంకొకరిది. పిల్లలు పెద్దవై తల్లి వాటిని పొడిచి తోలేసిన దినం ఇద్దరూ చెరొకటి ఏరుకోవాలి. మొదట ఏరుకునేది పొదిగిన కోడి గలవాళ్ళు.

అలా వచ్చిన తెల్లపిల్లల మాట సరే. వాటిలో నా కోళ్ళ నెత్తురేమీ లేదు. నన్ను కాల్చింది వేరే. పెరట్లో తెల్లపుంజు తన రెండు పెట్టలతో ఊరుకుంటుందా? నా నల్లపెట్టలను కూడా తొక్కింది. వాటి గుడ్లు పొదిగిస్తే పిల్లలన్నీ తెల్లగానే వచ్చాయి. రెక్క మీద ఒకటో రెండో నల్లచుక్కలు, అంతే. కాళ్ళు కూడా తెలుపు తిరిగాయి. మా అమ్మ కోడి కడుపున పుట్టి, అమ్మ పోలిక ఇంతైనా లేకుండా! పైగా పెరుగుడంటే అదీ పెరుగుడు. మునుపు నా నల్లపిల్లలు పిడికెడు ఉండే ఈడుకు అవి దోసెడు ఉండేవి. దీపావళి నాటికి తూస్తే పుంజుపిల్ల ఒక్కొక్కటి మునుపటి నల్లవాటి కంటే అరసేరు ఎక్కువ.

చూసినవాళ్ళు ఏమన్నారు? "చిన్నకోడలి కోళ్ళు ఎంత బాగ పెరిగినయే!"

"కన్నది నా కోళ్ళు, పొదిగింది నా కోళ్ళు" అన్నాను ఒకరోజు, ఆపుకోలేక.

మా అత్తమ్మ విసనకర్ర ఆపి నన్ను చూసింది. "కంటే ఏమాయె? పిల్లలు తండ్రి ఇంటిపేరుకే పోతయ్. నీ పిల్లలు నీ తల్లిగారి పేరు జెప్పుకుంటరా?"

యారాలు కొంగు సర్దుకొని తెల్లపుంజుకు నూకలు చల్లింది. అది నన్ను ఇంకా మండించింది.

ఆ మరుసటి ఆషాఢంలో పోచమ్మ పండుగ వచ్చింది. పోచమ్మకు నల్లపుంజు శ్రేష్ఠమంటారు. మా పెరట్లో నల్లపుంజు ఒక్కటే మిగిలింది. "రెండు పుంజులు ఒక్కతాన ఎందుకు? తెల్లదుంటె పిల్లలన్ని పెద్దగైతయ్. నల్లదాన్ని అమ్మోరికిద్దం" అంది అత్తమ్మ. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన చెప్పుల వైపు చూసుకున్నాడు. నీళ్ళు చల్లితే కోడి ఒళ్ళు దులపాలి, దులిపితే అమ్మవారు ఒప్పుకున్నట్టు. నా పుంజు చల్లీ చల్లకముందే దులిపింది. ఆ రోజు కూర నేను ముట్టలేదు. కడుపునొప్పి అన్నాను. ఎవరూ రెండోసారి అడగలేదు.

తర్వాతి ఎండాకాలం సీమకోళ్ళ వంతు వచ్చింది. వాటికి మా అత్తమ్మ పెట్టే తిండి నేను కడుపుతో ఉన్నప్పుడు కూడా నాకు పెట్టలేదు. జొన్న గటుక, నూకల బువ్వ, పైన ఇంత తవుడు. నావి పెంటకుప్ప మీద గీరుకొని తినేవి. ఒక తెల్లపెట్ట బాగా బలిసి గుడ్లు మానేసింది. "కడుపుల మస్తుగున్నయ్ గావచ్చు, ఒక్కపారే పెడ్తది" అని ఇంకా పెట్టారు. చివరికి కోశారు. లోపల గుడ్ల జాడ లేదు. చేతి నిండా పచ్చటి కొవ్వు, కందనకాయ చుట్టూ, పేగుల చుట్టూ ముద్దలు ముద్దలుగా ఉంది. చుక్క నూనె వేయకుండా కూర ఉడికింది. మా అత్తమ్మ దానికి కూడా మురిసింది. "సూసినవా? నూనె ఖర్చు గూడ లేదు." యారాలు మాత్రం పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చింది. నాకు జాలి కలగలేదు. నా పుంజును కోసిన రోజు ఆమె రెండు ముక్కలు వేయించుకుంది.

ఆ వైశాఖంలోనే పెద్ద తెల్లపుంజు ఎండకు రొప్పి రొప్పి నీళ్ళకుండ పక్కనే పడి చచ్చింది. రెండో తెల్లపెట్ట, పాలుకు పొదిగించిన సీమపిల్లలు కూడా నెల దాటలేదు. మిగిలినవి నా నల్లపెట్టలకు ఆ పుంజుతో పుట్టిన తెల్లవి. తండ్రి ఇంటిపేరు లెక్కన అవన్నీ యారాలివే అయ్యాయి, వాటిలో బరువైన పుంజుపిల్లను ఆమె ఎంచి పెట్టుకుంది. కోతకూ గద్దకూ పోగా నల్లవాటిలో నాకు మిగిలింది ఒక్క ముసలిపెట్ట, మా అమ్మ ఇచ్చిన కోడికి బిడ్డ. అది అప్పటికి గుడ్లు మానేసింది. పొదుగుకు మాత్రం ఇంకా కూర్చునేది.

యుద్ధం మొదలైందని కామారెడ్డి నుంచి కబురు వచ్చిన ఆ ఏడు, వానలు వెనకపట్టాక, యారాలు తన తెల్లపెట్టల గుడ్లు నా ముసలిదాని కింద పెట్టించింది. తండ్రి తెలుపు, తల్లులు తెలుపు. పదకొండు పిల్లలు అయ్యాయి. తడి ఆరి ఈక విచ్చుకోగానే చూస్తే అందులో మూడు నలుపు. ముక్కు నలుపు. ఒకదానికి కాళ్ళు మసి.

గంప ముందు చతికిలబడ్డాను.

నా వెనక యారాలు కేక వేసింది. "అత్తమ్మా! ఇటు రా! సూడు ఈమె జేసిన పని!"

"నేనేం జేసిన?"

"ఎవలింటి పుంజునో దొంగతనంగ తోలినవ్. లేకుంటే గుడ్లు మార్చినవ్. తెల్లదానికి నల్లది ఎట్ల పుడ్తది? నీకు నా కోళ్ళంటే కండ్లల్ల నిప్పులు, నాకెరుక లేదా?"

కండ్లల్లో నిప్పులున్న మాట నిజమే. పుంజును తోలిన మాట నిజం కాదు. యారాలి నాయన అప్పుడే కామారెడ్డి నుంచి బిడ్డను చూడటానికి వచ్చి ఉన్నాడు. పెద్దమనిషి, నెమ్మదిగా మాట్లాడేవాడు. ఆయన కూడా గంపలోకి చూసి తల అడ్డంగా ఊపాడు.

"బంగళాల ఏండ్లకేండ్లు సాదిన బిడ్డా. ఒక్కనాడు నల్లపిల్ల పుట్టలే."

"అక్కడ అన్నీ తెల్లయే ఉండె కాకా" అన్నాను. "ఈ గుడ్లు వెట్టిన తెల్లయి నా నల్లపెట్టల కడుపున పుట్టినయ్. తాత పోలిక మనుమనికి రాదా? నా బిడ్డకు నా కండ్లు రాలే, మా అమ్మ కండ్లు వచ్చినయ్. నడుమ నేను ఏం జేసిన? దాచిపెట్టి ఇచ్చిన."

"మనుషులు వేరు, కోళ్ళు వేరు" అన్నాడాయన.

మా అత్తమ్మ తీర్పు చెప్పింది. ఆమె తీర్పు చెప్పేటప్పుడు పొగాకు నోట్లో ఒక పక్కకు నెట్టేది. "ఊకోండ్రి. తెల్లపుంజును, తెల్లపెట్టలను కొట్టంల ఏసి తాళమేస్త. తాళంచెవి చిన్నదాని కొంగుకు. పెద్దది ఆ దిక్కు కాలు వెట్టొద్దు. మొదట్ల పెట్టిన గుడ్లల్ల బయటి పుంజుది ఉండొచ్చు, అవి తినుండ్రి, తర్వాతయి పొదుక్కెయ్యండ్రి. గుడ్డు గుడ్డుకు చిన్నది బొగ్గుతోని గుర్తు వెట్టాలె. ఆ పిల్లలల్ల నల్లది లేకుంటే," నా వైపు తిరిగింది, "ఇగ ఈ ఇంట్ల నీకు కోళ్ళ ముచ్చట లేదు. ఆ ముసలిదాన్ని గూడ కోసుడే."

మా అమ్మ కోళ్ళలో చివరిది. నేను ఒప్పుకున్నాను. ఒప్పుకోక చేసేదేముంది? ఆ మూడు నల్లపిల్లలు చలికి నిలవలేదు.

కొట్టం తలుపు మూసి ఉన్నన్నాళ్ళూ నేను బావి దగ్గరికి కూడా చుట్టు తిరిగి పోయాను, ఎవరూ ఒక మాట అనకుండా. యారాలు గుడ్డు గుడ్డుకూ రెండు అడ్డగీతలు గీసింది. ఆమె చేతులు నల్లగా ఉండటం చూసి నాకు నవ్వొచ్చింది. పిల్లలను తోలేసి మళ్ళీ పొదుగుకు కూర్చున్న కోడి నాదే. దానికి మారు వేరే కోడి దొరకలేదు. కనుక గంపను అత్తమ్మ మంచం పక్కనే పెట్టారు. మేత పెట్టడం కూడా అత్తమ్మే చేసింది. ఆ మూడు వారాలు నా కోడి ఎట్లుందో నేను దాని గొంతు విని తెలుసుకున్నాను.

నాకు ధైర్యం ఉందని అందరూ అనుకున్నారు. లేదు. లెక్క వేసుకుంటూ ఉండేదాన్ని. పదకొండులో మూడు వచ్చాయి. అంటే సుమారు నాలుగింట ఒకటి. మరి నాలుగింట ఒకటి అన్నది ఒక్కోసారి పదింట ఒకటి కావచ్చు, ఒక్కటీ రాకపోవచ్చు కూడా. గుడ్లు మురిగితే? గద్ద ఇంట్లోకి రాదు కానీ పిల్లి వస్తుంది. వచ్చేది నల్లపిల్లలు ఉన్న గుడ్ల మీదికే వస్తే? ఇన్ని రకాలుగా ఓడిపోవచ్చని లెక్క తెలియనివాళ్ళకు తెలియదు. వాళ్ళు హాయిగా నిద్రపోతారు.

పిల్లలైన పొద్దున యారాలే ముందు గంప ఎత్తింది. నేను గడపలో ఉన్నాను, పిలిచేదాకా రావద్దని మాట. ఆమె గంపను అత్తమ్మ ముందుకు జరిపింది. అత్తమ్మ లేచి కూర్చుని కోడి కింద చేయి పెట్టి ఒక్కొక్కటే బయటికి తీసింది. తెలుపు. తెలుపు. మళ్ళీ తెలుపు. నేను ద్వారబంధం పట్టుకున్నాను. ఆరోదో ఏడోదో తీసి అత్తమ్మ అరచేతిలో పెట్టుకొని, కిటికీ వెలుతురుకు ఎత్తి చూసింది.

"పెద్దదానా, ఇటు రా."

నలుపు. తర్వాత ఇంకొకటి. చివర్లో మూడోది, తక్కినవాటి కన్నా చిన్నది, కాళ్ళు మసి పూసినట్టు. పదమూడు పిల్లలు మొత్తం. పెంకు ముక్కల మీద బొగ్గు గీతలు అట్లాగే ఉన్నాయి.

"మీ అమ్మ కోడి యాడికి పోలే" అంది అత్తమ్మ. "తెల్ల ఈక కింద దాగున్నది." ఇన్నేండ్లలో ఆమె నాతో అన్న మంచి మాట అదొక్కటే. నేను దాన్ని పొదుపుగా తలుచుకుంటాను.

నేను యారాలి వైపు చూశాను. ఆమె ముఖం వాడిపోతుందని చూశాను. నిజం చెప్పాలంటే అది చూడటం కోసమే ఇన్నాళ్ళు నిలబడ్డాను. కానీ ఆ పిల్ల ఒక నల్లపిల్లను దోసిట్లోకి తీసుకొని కాసేపు చూసి, తల ఎత్తి అంది.

"అయితే అక్కా, నీ నల్లకోడి నా తెల్లయాట్ల దాగుంటే, నా తెల్లపుంజు ఈ నల్లయాట్ల దాగున్నట్టే గద? ఇది మా పుంజు మనుమడు గూడ."

నా లెక్కే అది. నా లెక్కతోనే నన్ను కొట్టింది.

ఆ మాట నిజమని పిల్లలు పెరుగుతుంటే తెలిసింది. రెండు నల్లవి తెల్లవాటితో సమానంగా, వాటి కన్నా జోరుగా పెరిగాయి. మా అమ్మ కోళ్ళలో ఏనాడూ లేని రొమ్ము, ఏనాడూ లేని తొడలు. అదే గంపలో రెండు తెల్లవి మాత్రం ఎంత తిన్నా సన్నగానే ఉండిపోయాయి. రంగు ఒక దారిన వస్తుంది, బరువు ఇంకో దారిన వస్తుంది. రెండూ ఒకే మూట కాదు. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. తరాజు చెప్పింది.

తల్లికోడి పిల్లలను పొడిచి తోలేసిన దినం పంచుకున్నాం. పద్ధతి ప్రకారం మొదటి ఏరుడు నాది. పెరట్లో అందరి కళ్ళూ పెద్ద నల్లపుంజు మీదనే ఉన్నాయి. ఎండలో దాని ఈకలు నిగనిగలాడుతున్నాయి. నేను పోయి, గోడవార గీరుకుంటున్న మసికాళ్ళ చిన్నపెట్టను పట్టుకున్నాను.

"గదేంది అక్కా, పెద్దది ఇడిసిపెట్టి?" యారాలు నమ్మలేక అడిగింది.

"నాకు ఇదే గావాలె."

ఆమె ఒక్క గంతులో పోయి పెద్ద నల్లపుంజును పట్టుకుంది. దసరాకు దాన్నే కోసింది. నల్లటి ఈకలు పీకి కోస్తే లోపల అదే పచ్చటి కొవ్వు, వాళ్ళ పుంజు కొవ్వు, చేతి నిండా. ఆమె ఆ చేతిని నాకు చూపించి నవ్వింది. ఆ రోజు కూర నేను తిన్నాను. రుచిగా ఉంది. రుచిగా ఉన్నందుకు కోపం వచ్చింది. నా నలుపు మీద ఆమె బరువు. ఆ బరువు కూడా మా అమ్మదే అయి ఉంటే ఎంత బాగుండేదని నేను చాలా ఏండ్లు అనుకున్నాను. కాదు. అది కామారెడ్డి బంగళాది.

ముసలికోడి ఆ చలికాలం దాటలేదు. చిన్నపెట్ట నా దగ్గర పెరిగింది. కొన్ని గుడ్లే పెట్టి, మాఘంలో ఈక విరబోసుకొని, ఎవరినీ దగ్గరికి రానీయకుండా మూలన కూర్చుంది. అది కూర్చునే తీరు మా అమ్మ కోడి తీరే. నేను చేయి పెడితే పొడవలేదు.

అదే వారం యారాలు కొంగులో గుడ్లు మూటగట్టుకొని నా గడపలోకి వచ్చింది. ఆమె బరువైన కోళ్ళలో ఒక్కటి కూడా పొదుగుకు కూర్చోలేదు.

"అక్కా, ఏస్తవా?"

చాలాసేపు ఆమెను నిలబెట్టాను. గుడ్ల బరువుకు కొంగు కిందికి జారుతోంది, ఆమె రెండు చేతులా పట్టుకుంది.

"పాలుకే" అన్నాను. "మొదలు ఏరుకునుడు నాదే."